3.73ఆ, 4.10ఆ అని అడిగే ముందు: 1970 షెవెల్‌కు గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఎంచుకోవడం

మీరడిగింది క్లుప్తంగా ఇది. 1970 షెవ్రొలే షెవెల్ కారు, 350 ఘనపు అంగుళాల ఇంజను, టీహెచ్-350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్, వెనక 2.73 గేర్లున్న (చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 2.73 సార్లు తిరగాలి) 10-బోల్ట్ యాక్సిల్, అంటే కవరుకు పది బోల్టులున్నది, లోపల మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి వారాంతాల్లో హైవే మీద తిప్పుతారు, ఏడాదికి రెండు మూడుసార్లు ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్‌కు తీసుకెళ్తారు. సిగ్నల్ దగ్గర బండి బద్ధకంగా కదులుతోంది. షాపువాళ్లు "4.10 గేర్లు వేస్తే చాలు" అన్నారు. వేయించాలా, గేర్‌బాక్స్ కూడా మార్చాలా, మారిస్తే ఏది?

4.10 వేయించకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. గేర్‌బాక్స్ ఒక నిర్ణయం, యాక్సిల్ ఇంకో నిర్ణయం అనుకోవడం దగ్గరే చాలామంది డబ్బు పోతుంది. రెండూ కలిపి ఒకటే లెక్క, ఆ లెక్కలో టైరు కూడా ఉంది.

ముందు హైవే సంగతి. గంటకు మైళ్లను 336తో గుణించండి, దాన్ని యాక్సిల్ నిష్పత్తితో, టాప్ గేర్ నిష్పత్తితో గుణించండి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించండి. వచ్చేది ఇంజన్ ఆర్‌పీఎం. (మైలులోని 63,360 అంగుళాలను 60 నిమిషాలతో, ఆపైన పైతో భాగిస్తే వచ్చేదే ఆ 336.) మీ 255/60ఆర్15 టైరు ఎత్తు దాదాపు 27 అంగుళాలు. గంటకు 70 మైళ్ల దగ్గర ఇప్పుడున్న 2.73తో (టీహెచ్-350 టాప్ గేరు 1.00) ఇంజన్ సుమారు 2,380 తిరుగుతుంది, అందుకే హైవే మీద మీకు హాయిగా ఉంది. 3.73 వేస్తే 3,250. 4.10 వేస్తే 3,570, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) జారుడు కలుపుకుంటే ఇంకో వందో రెండు వందలో ఎక్కువే. ఆ మోతతో శాన్ ఆంటోనియో దాకా వెళ్లి దిగాక చెవుల్లో ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

ఇక కదిలే బలం. గేర్‌బాక్స్ మొదటి గేరును యాక్సిల్ నిష్పత్తితో గుణించండి. టీహెచ్-350 మొదటి గేరు 2.52, అంటే మీకు ఇప్పుడు 6.88. బద్ధకానికి కారణం ఇదే, కార్బురేటర్‌ను అనవసరంగా విప్పకండి. వీధిలో నడిచే 3,700 పౌండ్ల బండికి 10 నుంచి 11 మధ్య ఉంటే కదలిక చురుగ్గా ఉంటుంది. 9 కింద ఉంటే బరువు తెలుస్తుంది. 12 దాటితే మొదటి గేరు కూడలి దాటేలోపే అయిపోతుంది, మామూలు టైరు పట్టు నిలవదు. షాపువాళ్ల 4.10తో 10.33 వస్తుంది. అంతవరకూ వాళ్ల మాట నిజమే, కానీ హైవేను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరాలంటే ఓవర్‌డ్రైవ్ కావాలి, అంటే ఇంజన్ కంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగంగా తిరిగే టాప్ గేరు. 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. అలాగని గేర్‌బాక్స్ ఒక్కటే మార్చి 2.73 అలాగే ఉంచితే మొదటి గేరు 8.35 దగ్గరే ఆగుతుంది, ఓవర్‌డ్రైవ్‌లో 70 మైళ్లకు ఇంజన్ 1,665కు పడిపోయి చిన్న ఎత్తు వచ్చినా మూలుగుతుంది. యాక్సిల్ ఒక్కటీ మార్చినా తప్పే, గేర్‌బాక్స్ ఒక్కటీ మార్చినా తప్పే అనడం ఇందుకే. అదే 700ఆర్4ను 3.42తో కలిపితే మొదటి గేరు 10.47, హైవేలో 2,085. 3.55తో అయితే 10.86, 2,165. 3.73తో 11.41, 2,275. ఈ పెట్టెకు 3.42 లేదా 3.55 చాలు. 4.10తో 12.5 దాటుతుంది, దాని జోలికి వెళ్లొద్దు.

700ఆర్4లో ఒక లోపం ఉంది. మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య దూరం ఎక్కువ. 5,500 దగ్గర గేరు మారితే ఇంజన్ 2,930కి పడుతుంది. టీహెచ్-350లో 3,320 దగ్గర ఆగేది. మీది మామూలు క్యామ్ (ఇంజన్ వాల్వులను తెరిచే షాఫ్ట్) అయితే ఈ తేడా పెద్దగా తెలియదు. పెద్ద క్యామ్ వేసి ఉంటే, ఐడిల్‌లోనే బండి ఊగుతుంటే, ఆ 2,930 దగ్గర ఇంజన్‌కు ఊపిరి ఉండదు. అప్పుడు 200-4ఆర్ అనే ఇంకో నాలుగు గేర్ల ఆటోమేటిక్ నయం: 2.74, 1.57, 1.00, 0.67. రెండో గేరుకు 3,150 దగ్గర దిగుతుంది. 3.73 యాక్సిల్‌తో మొదటి గేరు 10.22, హైవేలో సుమారు 2,180.

200-4ఆర్‌కు ఇంకో లాభం ఉంది. పొడవు టీహెచ్-350 పొట్టి రకంతో దాదాపు సమానం, వెనక యోక్ (గేర్‌బాక్స్‌లోకి దూరే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొస) కూడా అదే 27 పళ్లది. గేర్‌బాక్స్ వరకూ చూస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయక్కర్లేదు. గేర్‌బాక్స్ ఆనే మౌంట్ మాత్రం టీహెచ్-400 అనే పెద్ద ఆటోమేటిక్‌కు ఉండే చోటికి వెనక్కి పోతుంది, అడ్డపట్టీని జరపాలి. 700ఆర్4 అయితే మౌంట్ రెండు అంగుళాల పైచిలుకు వెనక్కి, షాఫ్ట్ దాదాపు మూడు అంగుళాలు పొట్టి. 200-4ఆర్ బ్యూయిక్ గ్రాండ్ నేషనల్‌లో వచ్చిన పెట్టే కాబట్టి విప్పి కొత్త భాగాలతో మళ్లీ బాగా కడితే బలమైనదే. కానీ పాత సెడాన్‌లోంచి ఊడదీసింది యథాతథంగా బిగిస్తే మీ 350 ముందు ఎక్కువ కాలం నిలవదు, కట్టించాకే బిగించండి. 700ఆర్4 కొంటే 1987 తర్వాతది చూడండి. 30 పళ్ల ఇన్‌పుట్ షాఫ్ట్, అదనపు వాల్వ్ బాడీ ఉన్నవి అవి.

ఈ రెండింటికీ ప్రాణం టీవీ కేబుల్. టీవీ అంటే ఇక్కడ థ్రాటిల్ వాల్వ్. మీ పాత టీహెచ్-350 కిక్‌డౌన్ కేబుల్ ఊడినా బండి నడుస్తుంది, గేరు దిగదు, అంతే. కొత్త పెట్టెలో ఈ కేబుల్ లోపలి ఆయిల్ ప్రెషర్‌నే నిర్ణయిస్తుంది. వదులుగా ఉంటే సగం యాక్సిలరేటర్ మీద ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు జారుతూ పట్టుకుంటాయి. నడిపేవాడికి గేర్లు మెత్తగా, హాయిగా పడుతున్నట్టే ఉంటుంది. ఆ హాయే ప్రమాదం: 700ఆర్4లో అయితే ముందు మూడు, నాలుగు గేర్లను పట్టే క్లచ్ ప్యాక్ మాడుతుంది, ఆపైన ఓవర్‌డ్రైవ్ జారుతుంది, ఆయిల్ నల్లబడి కమురు వాసన వస్తుంది. "కొత్త పెట్టె వంద మైళ్లకే పోయింది, కట్టినవాడు మోసం చేశాడు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ కేబులే.

హోలీ, ఎడెల్‌బ్రాక్ కార్బురేటర్లలో కేబుల్ తగిలించే చోటు ఈ గేర్‌బాక్సులతో అసలు వచ్చిన క్వాడ్రాజెట్ కార్బురేటర్‌తో సరిపోలదు. కార్బురేటర్ లివర్‌కు బిగించే దిద్దుబాటు బ్రాకెట్ కొనండి. తర్వాత ఇంజన్ ఆపి ఒకరిని లోపల కూర్చోబెట్టి పెడల్‌ను నేల దాకా తొక్కించండి. బానెట్ కింద చేత్తో థ్రాటిల్ లాగి చూస్తే కుదరదు, ఎందుకంటే కార్పెట్ అడ్డమో, పాత థ్రాటిల్ కేబుల్ సాగడమో ఉంటే పెడల్‌తో అంత దూరం రాకపోవచ్చు. పూర్తిగా తొక్కినప్పుడు టీవీ కేబుల్ కూడా సరిగ్గా చివరిదాకా లాగి ఉండాలి. వదిలినప్పుడు వేలాడకూడదు, బిగదీసుకుపోకూడదు. మొదటిసారి నడిపే ముందు ప్రెషర్ గేజ్ తగిలించి, కేబుల్ లాగుతుంటే ముల్లు లేస్తోందో లేదో చూడండి. లేవకపోతే బండిని షెడ్డులోంచి కదపకండి.

లాకప్ కన్వర్టర్ (లోపలి క్లచ్‌తో జారుడు ఆపేసే టార్క్ కన్వర్టర్) వేస్తే దాని 12 వోల్టుల వైరు మర్చిపోవద్దు. నాలుగో గేరులోనే పట్టేలా ప్రెషర్ స్విచ్, బ్రేక్ తొక్కగానే వదిలేలా బ్రేక్ స్విచ్, ఈ రెంటి గుండా తీసుకోండి. లాకప్ పట్టకపోతే కన్వర్టర్ జారుతూ వేడి పుట్టిస్తుంది, టెక్సాస్ ఆగస్టులో అది చిన్న విషయం కాదు. రేడియేటర్‌లో ఉన్న కూలర్‌కు తోడు బయట ఇంకో కూలర్ పెట్టండి. మామూలు క్యామ్‌కు 2,000 నుంచి 2,400 స్టాల్ (బండిని కదలనివ్వకుండా తొక్కితే కన్వర్టర్ ఇంజన్‌ను ఎక్కనిచ్చే ఆర్‌పీఎం) చాలు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి తోస్తే మెట్లు మెట్లుగా దిగుతుంది, చివరిది పంపు గేరు పట్టే మెట్టు. రెండు మెట్లకే "కూర్చుంది" అనుకుని పెట్టెను ఇంజన్‌కు ఆనించి, మిగిలిన సందును బోల్టులతో లాగేస్తే పంపు గేరు చెవులు విరుగుతాయి. బెల్‌హౌసింగ్ (పెట్టె ముందున్న గంట ఆకారపు భాగం) చేతి ఒత్తిడితోనే ఇంజన్‌కు అతుక్కోవాలి. అతుక్కున్నాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ (క్రాంక్ వెనక బిగించే పలక) మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా సందు ఉండాలి, కన్వర్టర్ చేత్తో తిరగాలి. ఈ రెండూ లేకుంటే విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆయిల్ ముందు ఐదు క్వార్టులు పోసి, స్టార్ట్ చేసి, నడుస్తుండగా డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కలపండి.

4ఎల్80ఈ అనే ఆటోమేటిక్ గురించి ఎవరో ఒకరు చెప్పక మానరు. టీహెచ్-400 నిష్పత్తులకు 0.75 ఓవర్‌డ్రైవ్ తగిలించిన బండరాయి అది. 600 హార్స్‌పవర్ బండికి సరే. మీకు బరువు, ఎలక్ట్రానిక్ కంట్రోలర్, ఫ్లోర్ టన్నెల్‌కు సుత్తి దెబ్బలు తప్ప మిగిలేదేమీ లేదు.

మాన్యువల్ గేర్‌బాక్స్ కోరిక ఉంటే ట్రెమెక్ టీకేఎక్స్. 600 పౌండ్-అడుగుల టార్క్ రేటింగ్, ఐదు గేర్లు. దీనిలో రెండు రకాల మొదటి గేర్లున్నాయి. 2.87ది 3.55 లేదా 3.73తో సరిపోతుంది (10.2, 10.7). 3.27దాన్ని 3.31కి మించి పెట్టకండి. ఖర్చు పెట్టెతో ఆగదు: బెల్‌హౌసింగ్, క్లచ్, పెడల్ సెట్, లింకేజీ, ఫ్లోర్‌లో గేర్ రాడ్‌కు రంధ్రం. ఫ్లైవీల్ మీ 1970 బ్లాకుకు తగ్గది, అంటే రెండు ముక్కల వెనక సీల్ ఉన్న క్రాంక్‌కు సరిపోయేది తేవాలి. 1986 నుంచి వచ్చిన ఒక ముక్క సీల్ క్రాంక్‌కు బోల్టుల వలయం వేరు, అది మీకు కూర్చోదు. క్రాంక్ వెనక కొసన పైలట్ బేరింగ్ గుంట ఉందో లేదో ముందే చూడండి. బెల్‌హౌసింగ్ కేంద్రం డయల్ గేజ్‌తో కొలిస్తే 0.005 అంగుళం లోపు ఉండాలి. ఎక్కువుంటే పక్కకు జరిపే డోవెల్ పిన్నులు 0.007, 0.014, 0.021 కొలతల్లో దొరుకుతాయి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత "రెండో గేరు గీరుకుంటోంది" అని పెట్టెను తిడతారు.

యాక్సిల్ దగ్గర అందరూ హార్స్‌పవర్ అడుగుతారు. ముందు అడగాల్సింది టైరు. మీ ఇంజన్ 350 పౌండ్-అడుగుల టార్క్ ఇస్తే, 700ఆర్4, 3.73తో మొదటి గేరులో వెనక దాదాపు 4,000 రావాలి, కన్వర్టర్ దాన్ని ఇంకా పెంచుతుంది. కానీ బయల్దేరేటప్పుడు వెనక చక్రాల మీద పడే బరువు సుమారు 2,000 పౌండ్లు అనుకుంటే, పట్టు 0.9, టైరు వ్యాసార్థం 1.125 అడుగులు, మొత్తం 2,000 పౌండ్-అడుగుల దగ్గరే టైరు జారిపోతుంది. టైరే ఇక్కడ ఫ్యూజు. అదే డ్రాగ్ స్లిక్ (గాడులు లేని మెత్తటి రేసు టైరు) వేసి పట్టును 1.5కు, బరువును 2,500కు పెంచితే 4,200 దాటుతుంది. అదే ఇంజన్, అదే గేర్లు, యాక్సిల్ మీద పడే దెబ్బ రెట్టింపు. "పదేళ్లుగా ఇదే యాక్సిల్, ఏమీ కాలేదు" అనేవాడు చెప్పేది నిజమే, వాడి టైరు వీధి టైరు.

మీ బండిలో ఉన్నది 8.2 అంగుళాల 10-బోల్ట్. మన షెడ్డుల్లో క్రౌన్ అనేదాన్ని అమెరికాలో రింగ్ గేర్ అంటారు, విడిభాగాల కేటలాగులో ఆ పేరుతోనే వెతకండి. 8.2 అనేది ఆ రింగ్ గేర్ వ్యాసం. దీని మీద డబ్బు పోయకండి. 2.73 కారియర్‌కు (రింగ్ గేర్‌ను మోసే భాగం) 3.73 గానీ 4.10 గానీ నేరుగా కూర్చోదు, కారియర్ కూడా మార్చాలి. గేర్లు, కారియర్, బేరింగులు, కూలీ అన్నీ పెట్టి చివరికి చిన్న యాక్సిలే మిగులుతుంది.

తక్కువ ఖర్చులో మంచి దారి 1971-72 షెవెల్ కింద వచ్చిన 8.5 అంగుళాల 10-బోల్ట్. నేరుగా బిగుస్తుంది, దాని 2.73 కారియర్ 3.42నూ 3.73నూ తీసుకుంటుంది. కవరుకు రెంటికీ పదే బోల్టులు కాబట్టి పొరబడతారు. హౌసింగ్ కింది అంచును గడియారంలా చూడండి: ఐదు గంటల దగ్గర ఒకటి, ఏడు గంటల దగ్గర ఒకటి చదరపు దిమ్మెలుంటే 8.5. నున్నగా గుండ్రంగా ఉంటే 8.2, అమ్మేవాడు ఏం చెప్పినా సరే.

12-బోల్ట్ అయితే 8.875 అంగుళాలు, 30 పళ్ల యాక్సిల్ షాఫ్టులు. దీనిలో ఉచ్చు ట్రక్కుది. పికప్ 12-బోల్ట్ లోపలి పినియన్ (రింగ్ గేర్‌ను తిప్పే చిన్న గేరు) కాడ 1.438 అంగుళాలు, కారుది 1.625. గేర్లు ఒకదానివి ఒకదానికి పట్టవు. అసలు షెవెల్ 12-బోల్ట్ కోసం పాత సామాన్ల సంతల్లో అడిగే ధర, అరిగిన లోపలి భాగాలకు అయ్యే ఖర్చు కలిపితే మోజర్, స్ట్రేంజ్ వాళ్లు కొత్తగా చేసే 12-బోల్ట్ దగ్గరికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు కొత్తదే తీసుకోండి.

ఫోర్డ్ 9-అంగుళాలది బలమైనదే. పినియన్‌కు ముక్కు దగ్గర మూడో బేరింగ్ ఉంటుంది, మధ్య ముక్క ముందు నుంచి ఊడొస్తుంది, యాక్సిల్ షాఫ్టులకు సీ-క్లిప్పులుండవు. పినియన్ బాగా కిందికి ఉండటంతో పళ్ల రాపిడి ఎక్కువై కొంత శక్తి తింటుంది. షెవెల్‌కు వేయాలంటే యాక్సిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే పై ఆర్ములకు చెవులున్న హౌసింగే చేయించాలి. స్లిక్స్‌తో తరచూ పరుగెత్తేవాళ్లకు ఇది. మీకు అక్కర్లేదు.

సీ-క్లిప్ సంగతి మాత్రం తెలిసి ఉండాలి. 10-బోల్ట్, 12-బోల్ట్ రెంటిలోనూ యాక్సిల్ షాఫ్ట్‌ను లోపలి కొసన ఒక చిన్న క్లిప్పు పట్టుకుంటుంది. షాఫ్ట్ విరిగితే చక్రం, బ్రేక్ డ్రమ్ముతో సహా బయటికి వచ్చేస్తుంది. డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పావు మైలును 10.99 సెకన్లలో లేదా ఇంకా త్వరగా దాటే బండ్లకు వేరే పట్టు తప్పనిసరి చేసింది ఇందుకే. మీరు ఆ దరిదాపుల్లో లేరు. వీధి బండికి సీ-క్లిప్ ఎలిమినేటర్ కిట్ వేస్తే ఆయిల్ చెమ్మ పట్టుకుంటుంది, అనవసరం. స్లిక్స్‌తో 13.99 లోపు పరుగెత్తితే ప్రొపెల్లర్ షాఫ్ట్ విరిగినా కింద పడకుండా పట్టే లూప్ మాత్రం అడుగుతారు.

ఓపెన్ దానిలా జారే చక్రానికే బలం వదిలేయకుండా రెండు చక్రాలకూ ఇచ్చే డిఫరెన్షియల్‌కు రెండే పేర్లు చాలు. ఈటన్ పోజీ క్లచ్ పలకలతో పట్టుకుంటుంది. ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకపోతే మలుపుల్లో కటకటలాడుతుంది, పలకలు ఏళ్లకు అరుగుతాయి కానీ మార్చుకోవచ్చు. ట్రూట్రాక్ గేర్లతో పనిచేస్తుంది, అరిగే పలకలుండవు, మాడిఫయర్ అక్కర్లేదు, మామూలు మినరల్ ఆయిలే పోయాలి. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. హైవే ఎక్కువ కాబట్టి మీకు ట్రూట్రాక్. మినీ స్పూల్ అని (రెండు చక్రాలనూ ఎప్పుడూ కలిపి కట్టేసేది) చవగ్గా ఏదో చూపిస్తే దండం పెట్టేయండి.

గేర్లు కూర్చోబెట్టేవాడిని ఎంచుకోవడం గేర్ల బ్రాండ్ కంటే ముఖ్యం. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) 0.006 నుంచి 0.010 అంగుళం, రింగ్ గేర్ చుట్టూ నాలుగు చోట్ల కొలిచినా దాదాపు ఒకేలా రావాలి. కొత్త పినియన్ బేరింగులకు తిప్పే బిగువు 20-25 అంగుళ-పౌండ్లు, పాతవాటికి సుమారు సగం. క్రష్ స్లీవ్ (పినియన్ నట్టు బిగిస్తే నలిగి ఆ బిగువును నిలిపే గొట్టం) ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వెనక్కి తిప్పి సరిచేయడం ఉండదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. పళ్లకు పసుపు రంగు మార్కింగ్ పూత పూసి తిప్పాక పంటి మీద పడే అచ్చు ఫొటో తీసి ఇమ్మని అడగండి. అచ్చు పంటి అడుగుకు దిగితే పినియన్ లోతుగా ఉన్నట్టు, పై అంచుకు పాకితే బయటికి ఉన్నట్టు. ఫొటో ఇవ్వడానికి గొణిగే షాపుకు బండి ఇవ్వకండి.

చక్రం గెంతడం షెవెల్‌కు పాత జబ్బు. వెనక ఆర్ముల రబ్బరు బుష్షులు అరిగితే బయల్దేరేటప్పుడు యాక్సిల్ దడదడలాడుతుంది. నెమ్మదిగా పెరిగే టార్క్ కంటే ఆ సుత్తి దెబ్బలే పళ్లు విరుస్తాయి. కొత్త యాక్సిల్‌తో పాటే కొత్త బుష్షులు, పెట్టెలా మూసిన కింది ఆర్ములు, పొడవు సర్దుకునే పై ఆర్ములు వేయించండి.

ఆ పై ఆర్ములు కోణం కోసం. గేర్‌బాక్స్ తోక, పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఉదాహరణకు గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి, షాఫ్ట్ 4 డిగ్రీలు వాలి ఉంటే ముందు క్రాస్ (యూ-జాయింట్) 1 డిగ్రీ మీద పనిచేస్తుంది. పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి ఉంటే వెనకా అదే 1 డిగ్రీ. రెండు చోట్లా అర డిగ్రీకి తగ్గకుండా, 3 డిగ్రీలు మించకుండా చూడండి. చక్రాలు నేల మీదుండి, బరువంతా వాటి మీదున్నప్పుడే కొలవాలి. లిఫ్ట్ మీద ఫ్రేమ్ కింద పట్టి లేపి కొలిచిన కోణం చెత్తబుట్టకే.

ఓవర్‌డ్రైవ్ వేస్తే ఇంజన్ నెమ్మదిస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రం నెమ్మదించదు. 3.73తో 70 మైళ్ల దగ్గర ఇంజన్ 2,275 తిరుగుతుంటే షాఫ్ట్ 3,250 తిరుగుతూనే ఉంటుంది. మీ పాత 2.73తో అది 2,380. పాత షాఫ్ట్‌లో ఎన్నాళ్లుగానో దాక్కున్న వంకర ఇప్పుడు సీటు కింద సన్నటి వణుకుగా తేలుతుంది, ఇంజన్ మోత తగ్గింది కాబట్టి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే యాక్సిల్ ముందు, గేర్‌బాక్స్ తర్వాత, షాఫ్ట్ చివర. రెండూ బిగించి బండిని చక్రాల మీద దించాకే షాఫ్ట్ కొలత తీసి, బ్యాలెన్స్ చేయించిన కొత్తది చేయించండి. యోక్ పూర్తిగా లోపలికి తోసి, అక్కడి నుంచి సుమారు ఒక అంగుళం వెనక్కి లాగిన చోటు దాని మామూలు స్థానం. క్రాసులు స్లిక్స్ ఆలోచన ఉంటే 1350 సైజు, లేకుంటే మంచి రకం మామూలువి.

స్పీడోమీటర్ గేరు కూడా లెక్కలో పెట్టండి. 2.73 నుంచి 3.73కు మారితే ముల్లు 37 శాతం ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 60లో వెళ్తుంటే 82 కనిపిస్తుంది. గేర్‌బాక్స్ పక్కన దూరే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం మారిస్తే సరిపోతుంది.

కాబట్టి వీధి టైర్లు, మామూలు క్యామ్ అయితే 8.5 యాక్సిల్, 3.42, ట్రూట్రాక్, 700ఆర్4. క్యామ్ పెద్దదైతే, రేపు డ్రాగ్ రేడియల్స్ (పట్టు ఎక్కువున్న రేడియల్ టైర్లు) వేసే ఆలోచన ఉంటే కొత్త 12-బోల్ట్, 3.73, కట్టించిన 200-4ఆర్. గేర్లు వేయించిన రోజు హైవే ఎక్కకండి. 15-20 నిమిషాలు మెల్లగా నడిపి, అరగంట పైన పూర్తిగా చల్లారనిచ్చి, అలా రెండు మూడుసార్లు చేయండి. 500 మైళ్లకు ఆయిల్ దించి 80డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ కొత్తది ఫిల్లర్ రంధ్రం అంచుదాకా పోయండి. దించిన ఆయిల్‌ను తెల్ల ట్రేలో పట్టి వెలుగులో చూడండి: వెండి పొడిలా మెరిస్తే కొత్త గేర్ల అరుగుదల, భయం లేదు. వేలికి గుచ్చుకునే పలుకులు తగిలితే కవరు మళ్లీ విప్పించండి.